చల్లగదిలో చప్పుడు

పటాన్‌చెరు,
17 ఏప్రిల్ 2025, గురువారం.

పెద్దలు కమాలుద్దీన్ చాచాకు,

లేబుళ్ల కంపెనీ నుంచి మీ ప్రేమలత సలాం చేసి రాస్తున్నది. ఎండకు కొంచెం వాడిపోయినా ఇక్కడ మేమందరం బాగున్నాము. హత్నూరలో మీరు, ఖమరున్నీసా చాచీ, పిల్లలు కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. పండుగకు చాచీ పంపిన షీర్ ఖుర్మా డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. ఖాళీ డబ్బా తిరిగి పంపకూడదని మా అమ్మ పట్టు పట్టింది. కొత్త మామిడికాయ తొక్కు పెట్టి పంపుతాను, కాస్త ఓపిక పట్టమని చాచీకి చెప్పండి.

ఫోన్ చేస్తే మీకు వినిపించదు. మెసేజీ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయని తిడతారు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాస్తేనే చదువుతానని మీరే అన్నారు కాబట్టి పాత పద్ధతిలో పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం రాయమన్నది మురళీమోహన్ సారు. రాసి తనకు ఒకసారి చూపించి పోస్టు చేయమన్నారు. యజమాని రాయించే ఉత్తరంలో ఇన్ని కబుర్లేమిటని నవ్వకండి. సగం ఆయన మాట, సగం నా మాట అనుకుని చదువుకోండి.

సంగతి మీ అబ్బాయి ఉబేద్ అన్న మీకు చెప్పే ఉంటాడు. మన సర్వర్ పని ముగిసింది. దాని కడుపులో ఉన్నదంతా క్లౌడ్‌లోకి వెళ్లిపోయింది. ఇక దాన్ని ఆపడం ఒక్కటే మిగిలిందని సారు అంటున్నారు. అది మీ చేతుల మీద జరగాలని ఆయన కోరిక.

పోయిన నెల మీరు నాకు రాసిన కార్డు అందింది. "దీన్ని ఈ చేతులతోనే షురూ చేసిన బేటీ. ఇవే చేతులతోని బంద్ చెయ్యమంటే ఎట్ల? నా చెయ్యి రాదు" అని రాశారు. ఆ కార్డును టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ముత్యమ్మకు చదివి వినిపిస్తే, ప్యాకింగ్ టేబుల్ దగ్గర అంత నోరు చేసే మనిషి సగం అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

సారును తప్పుపట్టలేను. పోయిన వానాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వర్ బ్యాటరీలు ఉబ్బిపోయి, రెండు పూటలు ఒక్క బిల్లు కూడా కొట్టలేక ఎంత పరేషాన్ అయ్యామో మీకు ఉత్తరం రాశాను కదా. తర్వాత మందుల కంపెనీ వాళ్లు తనిఖీకి వచ్చి, మా లేబుళ్ల డిజైన్లన్నీ ఒక్క డబ్బాలో పెట్టుకుని కూర్చున్నారేంది, రేపు దానికేమైనా అయితే మా గతేమిటని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. మీరు కాళ్ల చెప్పులు తీసి, దండం పెట్టి చూసుకున్నంత మాత్రాన సర్వర్ చిరంజీవి అయిపోదు గదా. ఆ మాట మీరే నాకు నేర్పారు, దేనికైనా ఇంకో కాపీ ఉండాలని.

క్లౌడ్‌కు మార్చే పని చేసింది ప్రవీణ్‌కుమార్ అనే అబ్బాయి, హైదరాబాద్ నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. మిమ్మల్ని చూడకపోయినా మీరు కట్టిన వైర్లకు అతికించిన చిన్న చిన్న చీటీలు చూసి, ఈయనెవరో గానీ నా పని సగం చేసిపెట్టాడని అన్నాడు. మన మిగిలిపోయిన లేబుల్ ముక్కల మీదే మీరు ఆ చీటీలు రాశారు కాబట్టి, ఒక వైరు మీద దగ్గుమందు, ఇంకో వైరు మీద విటమిన్ టానిక్ అని కూడా ఉంది. అది చూసి అతను చాలాసేపు నవ్వాడు.

ఫైళ్లన్నీ ఎక్కించే పని ఒక ఆదివారం పెట్టుకున్నాము. మిషన్లు ఆపేసి ఉన్నాయి. కంపెనీ అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. సిరా వాసన, గమ్ము వాసన, రేకుల మీద ఎండ చిటపటమనే చప్పుడు, చల్లగదిలోంచి మన సర్వర్ గుయ్యిమనే చప్పుడు, అంతే. నేను తెర ముందు కూర్చుని పోతున్న ఫైళ్ల పేర్లు చూస్తున్నాను. చూడాల్సిన అవసరం లేదు, వాటంతట అవే పోతాయని ప్రవీణ్‌కుమార్ చెప్పాడు. అయినా కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. ఎప్పుడో మూతపడిన కంపెనీల టానిక్కులు, ఇప్పుడెవరూ తాగని గ్రైపు వాటర్, మీరు కుందేలు బొమ్మ గీసిచ్చిన పిల్లల సిరప్, ఒక్కొక్కటే పేరు చెప్పి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. ఐడీ కార్డుల ఫోటోలు కూడా వెళ్లాయి. ముత్యమ్మ కంపెనీలో చేరిన రోజు తీసిన ఫోటో తెర మీద కనిపించింది, నల్లటి జుట్టు, పెద్ద బొట్టు. మర్నాడు చూపిస్తే, ఈ పిల్ల ఎవరి బిడ్డ అని నన్నే అడిగింది.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదని, ఎక్కడో పెద్ద భవనంలో మన సర్వర్ లాంటివే వరసగా ఉంటాయని ప్రవీణ్‌కుమార్ వివరంగా చెప్పాడు. బుద్ధికి తెలిసింది. కానీ ఆ సాయంత్రం ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి పైకి చూస్తే, పొగగొట్టాల మీదుగా ఎండు మబ్బు ఒకటి మెల్లగా పోతూ ఉంది. మన గ్రైపు వాటర్ అందులోనే ఉందనిపించింది. ఆటో వచ్చి వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు. ఇలాంటివి మీకు తప్ప ఎవరికి చెప్పినా ఎండదెబ్బ తగిలిందంటారు.

పని అయిపోగానే ప్రవీణ్‌కుమార్ లేచి, ఇక దీన్ని ఆపేద్దామా మేడమ్ అని బటన్ మీదికి చెయ్యి చాచాడు. ముత్యమ్మ, నేను, సారు ముగ్గురం ఒక్కసారే వద్దన్నాము. పాపం, పాము మీద కాలు వేసినట్టు వెనక్కి దూకాడు. సారే అతన్ని కూర్చోబెట్టి మన ఆచారం చెప్పారు. వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఈ కంపెనీలో ఏ మిషన్‌నైనా మొదట ఎవరు నడిపారో వాళ్లే వచ్చి ఆఖరుసారి ఆపాలి, వేరే చెయ్యి పడకూడదు అని. అతను తల ఊపాడు. తన పనికి సంబంధించి సర్వర్‌కు బయటి లోకంతో ఉన్న వైరు ఒక్కటి తీసేసి, ఇక ఇది నడిచినా ఆగినా మీకు తేడా ఉండదని చెప్పి వెళ్లిపోయాడు.

కటింగ్ మిషన్‌ను పాత ఇనుము కింద తూకానికి వేసిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని మొదట నడిపిన పెద్దరాములు తాతను గుమ్మడిదల నుంచి ఆటోలో తీసుకొచ్చాము. మోకాళ్లు పట్టేసి మంచం దిగనివాడు, ఆ రోజు ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. మిషన్‌కు పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టారు, పక్కన మీరు చేతులు చాచి దువా చదివారు. తాత ఎర్ర బటన్ నొక్కేముందు మిషన్ మీద చెయ్యి వేసి, "నా పని నేను చేసిన, నీ పని నువ్వు చేసినవ్. ఇగ పండుకో" అన్నాడు. తర్వాత అందరితో పాటు చాయ్ తాగి, బిస్కెట్ ముంచుకుని తిని, ఇంటికెళ్లాడు. అంత బరువైన పని అంత తేలిగ్గా చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. మీ కార్డు చదివినప్పుడల్లా ఆయనే గుర్తొస్తున్నాడు. అందరి చేతులూ ఒక్కలాంటివి కావు కదా.

ఇప్పుడు చల్లగది సంగతి రాయాలి. రాయకుండా దాటేస్తే సారు చదివేటప్పుడు గమనించరు గానీ, మీరు గమనిస్తారు.

సికింద్రాబాద్ నుంచి సర్వర్‌ను ఆటోలో మీ ఒళ్లో పెట్టుకుని తెచ్చారట. గుంత వచ్చినప్పుడల్లా పైకి ఎత్తి పట్టుకున్నారట, పసిపిల్లను పట్టుకున్నట్టు. మనుషులకు లేని ఏసీ దానికి పెట్టించారని అప్పట్లో అందరూ ఆడిపోసుకున్నారట. కానీ ఒక మే నెలలో ముత్యమ్మ కళ్లు తిరిగి పడిపోతే, ఆమెను మోసుకెళ్లి ఆ గదిలో చాప పరిచి పడుకోబెట్టమన్నది మీరే. ఆ రోజు నుంచి అది మా గది అయింది. చెప్పులు బయట విడవాలి, నీళ్ల సీసా సర్వర్ పక్కన పెట్టకూడదు, గట్టిగా నవ్వకూడదు, ఇవీ మీ షరతులు. మూడోది మేమెప్పుడూ పాటించలేదు. మల్లెపూలు పొద్దున కొని అక్కడ పెడితే సాయంత్రం దాకా విచ్చుకోకుండా ఉంటాయి. కడుపునొప్పి వచ్చిన పిల్ల అరగంట ఒరిగి లేచి మళ్లీ పనిలో కూర్చుంటుంది. మన కంపెనీలో ఆడవాళ్లు తలుపు వేసుకోగల గది అదొక్కటే.

ఇప్పుడు తనుశ్రీ అని కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంది, లేబుళ్లు చుట్టలు చుట్టే దగ్గర. ఒడిశా పిల్ల. భర్త పాశమైలారంలో రసాయనాల కంపెనీలో పనిచేస్తాడు. ఇస్నాపూర్‌లో రేకుల గది కిరాయికి ఉంటున్నారు. చంటిపాపను చూసుకోవడానికి అత్త లేదు, అమ్మ లేదు. పాపను చంకన పెట్టుకుని వస్తుంది. సారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. పాప చల్లగదిలో చాప మీద, సర్వర్ పక్కన పడుకుంటుంది. ఆ గుయ్యిమనే చప్పుడు వింటే చాలు, మత్తు చల్లినట్టు కళ్లు మూస్తుంది. తనుశ్రీ మధ్యమధ్య వెళ్లి పాలిచ్చి వస్తుంది. పాప లోపల ఉందని తెలిసి మగవాళ్లెవరూ ఆ తలుపు తీయరు, సారు కూడా బయట నిలబడి చప్పుడు విని, ఇంకా నడుస్తోంది అనుకుని వెళ్లిపోతారు.

మీరు వచ్చి సర్వర్ ఆపాక ఏసీ విప్పి కొత్త ప్రింటింగ్ మిషన్ దగ్గర పెడతారట. గదిలో కాగితం చుట్టలు పేరుస్తారట. కాగితానికి చెమ్మ తగలకూడదు, ఇంకో గది లేదు, నన్నేం చేయమంటావు ప్రేమలతా అని సారే నన్ను అడిగారు. క్యాంటీన్ వెనక రేకుల కింద ఆడవాళ్లకు ఒక అడ్డం కట్టిస్తానన్నారు. ఆయన చెడ్డవారు కాదు, మీకు తెలుసు. కానీ ఆ రేకుల కింద ఇప్పుడు ఎలా ఉంటుందో, గాలి ఇటు తిరిగినప్పుడు పక్క ఫ్యాక్టరీల వాసన ఎలా ఉంటుందో కూడా మీకు తెలుసు. వానలు పడేదాకా అయినా ఆగలేమా అని అడిగాను. కమాలుద్దీన్ సాబ్ ఎప్పుడు వస్తే అప్పుడే, ఆయన వచ్చేదాకా గది జోలికి నేను పోను అని మాటిచ్చారు. ఆ వెంటనే, మరి ఆయనను జల్దీ రమ్మని ఉత్తరం రాయి అన్నారు. అలా ఈ ఉత్తరం నా మెడకే పడింది.

నిన్న అన్నం తిన్నాక పాప పక్కన ఒరిగితే నాకూ కన్నంటుకుంది. కలొచ్చింది. గదికి గోడలు లేవు. మన పాత లేబుళ్లన్నీ వెనక కాగితం నుంచి వాటంతట అవే ఊడి, ముంబై హైవే మీద ఎగురుతున్నాయి. స్కూటర్ల మీద పోయేవాళ్లు చెయ్యి చాచి ఒక్కొక్కటి పట్టుకుంటున్నారు. మీరు రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఏ లేబుల్ ఎవరింటికి వెళ్లాలో చెబుతున్నారు. చప్పుడు మాత్రం ఇదే, గుయ్యిమని. కలలో మీ చెవులు బాగా పనిచేస్తున్నాయి. ప్రేమా, విను, ఎంత మంచిగ నడుస్తుందో అంటున్నారు. మెలకువ వచ్చాక కూడా కాసేపు కళ్లు తెరవలేదు.

సరే, సారు మాట చెప్పి ముగిస్తాను. వచ్చే శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక, హత్నూరకు కారు పంపుతారట. ఉబేద్ అన్న కూడా మీ వెంట రావచ్చు. దండ, మిఠాయి ఇక్కడే తెస్తాము. మీకు శాలువా కప్పాలని సారు కొని కూడా పెట్టారు, ఇది చదివి ముందే చెప్పేశానని తిడతారేమో. చల్లగదిలో చల్లదనం అలాగే ఉంది, చప్పుడు కూడా వస్తూనే ఉంది. మీరు ఎప్పుడు వస్తారో జవాబు రాయండి. ఉత్తరం నా పేరు మీదే పంపండి, సారుకు నేను చదివి వినిపిస్తాను.

చాచీకి నా సలాం. మీ మోకాళ్లు జాగ్రత్త, ఎండలో తిరగకండి.

మీ బేటీలాంటి,
ప్రేమలత

తా.క.: సారు ఉత్తరం చదివారు. కబుర్లు ఎక్కువైనా బాగుంది, పోస్టు చెయ్యి అన్నారు. ఇప్పుడు పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

చాచా, సర్వర్ పోయింది. సోమవారం మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తుండగా, దానంతట అదే ఆగిపోయింది. ఎవరూ ముట్టలేదు. మాకు తెలియనైనా తెలియదు, పాప లేచి ఏడిస్తే తెలిసింది. చప్పుడు ఆగేసరికి ఉలిక్కిపడి లేచింది. తనుశ్రీ ఎత్తుకున్నా, పాలిచ్చినా ఊరుకోలేదు. లోపలికి వెళ్లి చూస్తే పచ్చ దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి, ఏసీ మాత్రం నడుస్తోంది. కరెంటు ఉంది, ప్లగ్గు ఉంది, అది మాత్రం లేదు. ముత్యమ్మ ఏమనుకుందో, ప్యాకింగ్ దగ్గరి పాత టేబుల్ ఫ్యాను తెచ్చింది. జాలీ వదులై ఎప్పుడూ గుయ్యిమంటుంటుందే, అది. దాన్ని సర్వర్ వెనక పెట్టి తిప్పింది. పాప మళ్లీ పడుకుంది. మేము ఫ్యాను పెట్టింది పాప కోసమే, ఒట్టు. సాయంత్రం సారు వచ్చి తలుపు బయట చెవి పెట్టి విని, తృప్తిగా వెళ్లిపోయాకే, ఆయన ఇలాగే నడుస్తోందనుకుంటే గది మనకు ఉంటుందన్న రెండో ఆలోచన మాకు వచ్చింది. పైన నేను రాసిన మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు, చూసుకోండి. చప్పుడు వస్తూనే ఉందన్నాను గానీ, దేని చప్పుడో రాయలేదు.

మీరు వచ్చి దాని మీద చెయ్యి పెడితే చాలు, చల్లబడిందని మీకు తెలిసిపోతుంది. మీ మొహం చూస్తే సారుకూ తెలిసిపోతుంది. మీకు ఏదీ దాచడం చేతకాదు. అందుకే రాకండి. మోకాళ్ల నొప్పులనో, ఎండలనో ఏదో ఒకటి రాసి, వానలు పడ్డాక వస్తానని చెప్పండి. అప్పటికి పాప అన్నం ముద్దలు తింటుంది, రేకుల కింద కాస్త గాలి ఆడుతుంది. అప్పుడు వచ్చి బటన్ నొక్కండి, దువా చదవండి, మేమందరం ఏడుస్తాము.

మీ చెయ్యి రాదన్నారు కదా. ఇక ఆ భయం పెట్టుకోకండి. సోమవారం దాని మీద పసుపు, నాలుగు మల్లెపూలు పెడుతూ ముత్యమ్మ అన్న మాట రాస్తాను: "కమాల్ సాబ్ చేతులు వణుకుతయని ముందుగాల్నే పోయింది. మర్యాద తెల్సిన మిషిని."

మీకు ఒక్కరికే చెబుతున్నాను. ఈ ఎండాకాలం దాటేదాకా అది నడుస్తూనే ఉండాలి చాచా.